ఆ ఇంటి జ్వరం

షెడ్డు గుమ్మానికి అడ్డంగా కుట్టుమిషను ఈడ్చుకొచ్చి వేసుకుని కూర్చుంది తల్లి. తాళంచెవి మిషను సొరుగులో ఉంది. సొరుగు ఆమె మోకాలికి ఆనుకుని ఉంది. తలుపు తెరవాలంటే ముందు మిషను జరపాలి, మిషను జరపాలంటే ఆమె లేవాలి. ఆమె లేవదలుచుకోని చోటునుంచి ఆమెను లేపగలిగిన మనిషి ఆ ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు.

వాకిట్లో బల్లలు, కుర్చీలు దించిన కూలీలిద్దరూ ఆ బల్లల మీదే కూర్చున్నారు. పరాయి ఇంటి గొడవలో తల దూర్చకూడదని తెలిసిన మనుషులు. ఒకడు ఆకాశం చూస్తున్నాడు, ఇంకొకడు తన చెప్పు తెగిన చోటు చూసుకుంటున్నాడు. గోడకు ఆనించిన బోర్డుకు కట్టిన కాగితం విప్పకుండా అలాగే ఉంది.

"అమ్మా, లే," అంది పెద్దది.

"కుట్టుపనుంది."

"గుమ్మంలోనా?"

"వెలుతురు ఇక్కడే బాగుంది."

"రేపు పొద్దునకల్లా వీధి వీధంతా ఇక్కడుంటుంది. లోపల ఇంకా రంగు కూడా పడలేదు."

"రానీ. నా కుట్టు ఎలా ఉందో చూసి పోతారు."

చెప్పు చూసుకుంటున్న కూలీకి నవ్వొచ్చింది. దగ్గులో కలిపేశాడు.

చక్రం తిరుగుతోంది, సూది పైకీ కిందికీ ఆడుతోంది. కానీ సూది కింద గుడ్డ లేదు. గుడ్డ లేకుండా తొక్కితే మిషను పళ్ళు అరిగిపోతాయని ముగ్గురు పిల్లల్నీ వీపు మీద చరిచి మరీ నేర్పిన మనిషి ఆమె. ఇవాళ ఆమే తొక్కుతోంది. పెద్దది అది చూసింది. చూసినట్టు కనబడనివ్వలేదు.

వీధిలో వాళ్ళంతా పెద్దదాన్ని డాక్టరమ్మ అంటారు. తల్లికి మాత్రం అది ఎప్పుడూ పెద్దదే. ఆస్పత్రి ఉద్యోగంలో ఉంటూనే, కుర్రవాళ్ళ ఆరోగ్యం మీద పరిశోధన చేసే కేంద్రం ఒకటి పెట్టాలని ఏడాదిగా కాలికి బలపం కట్టుకుని తిరుగుతోంది. ఆస్పత్రి పెద్దలు ఒప్పుకున్నారు, చోటు మాత్రం నువ్వే చూసుకోమన్నారు. తండ్రి మోటార్లు చుట్టే మేస్త్రీ. ఇంటి ముందు తాళం పడి ఉన్న తన షెడ్డును ఇచ్చేశాడు. తల్లి కూడా ఒప్పుకుంది. ఒప్పుకోవడమే కాదు, కిటికీలన్నిటికీ కొలతలు తీసుకుని ఆకుపచ్చ తెరలు కుట్టింది. అవి ఇస్త్రీ మడతల్లో ఇంట్లో మంచం మీదే ఉన్నాయి.

చిక్కంతా నిన్న భోజనాల దగ్గర వచ్చిపడింది. కేంద్రం తెరిచేరోజు అందరి ముందూ నిలబడి తమ్ముడి సంగతి ఉన్నదున్నట్టు చెబుతానని పెద్దది అంది. తల్లి కంచం పక్కకు నెట్టేసింది. అప్పటినుంచి ఆ కంచం కడిగినవాళ్ళు లేరు.

"ఒప్పుకున్నప్పుడు ఏమనుకున్నావమ్మా నువ్వు?"

"ఏమనుకుంటా? పళ్ళు చూస్తారు, కళ్ళు చూస్తారు, ఎత్తూ బరువూ కొలుస్తారు అనుకున్నా. నా కొడుకుని నిలబెట్టి కొలుస్తావనుకోలేదు."

"వాణ్ణి కొలవడం కాదు. వాడి గురించి చెప్పడం."

"ఏం చెబుతావే?"

"వాడికి జ్వరం రాలేదని. వాడు ఆత్మ..."

తల్లి పాదం ఒక్కసారిగా పెడలు మీద పడింది. మిషను గోలలో ఆ మాట రెండో సగం మునిగిపోయింది. పెద్దదాని నోరు కదలడం కనబడింది గానీ చప్పుడు వినబడలేదు. అందుకే కదా ఆమె మిషను ఇక్కడికి ఈడ్చుకొచ్చింది.

నడిమివాడు పోయి ఏడాది దాటింది. ఈ షెడ్డులోనే, తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ రోజు గేటు దగ్గరికి మొదట వచ్చిన మనిషి "ఏమైందమ్మా?" అని అడిగినప్పుడు తల్లి నోటినుంచి "జ్వరం" అని వచ్చింది. ముందుగా అనుకున్నది కాదు. ఒంటి మీద బట్ట జారితే చెయ్యి తనంత తానే కప్పుకోదూ, అలా వచ్చింది. పక్కనున్న మేస్త్రీ తల ఊపాడు. అంతే. ఇద్దరు మనుషులు కలిసి ఒక జ్వరాన్ని పుట్టించారు.

పుట్టిన జ్వరం ఊరుకుంటుందా? వయసులో ఉన్న కుర్రాణ్ణి ఒక్క పూటలో తీసుకుపోయిన జ్వరమంటే వీధి అదిరిపోయింది. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి దోమల పొగ వేశారు. ఇంటింటికీ తిరిగి డ్రమ్ముల్లో నీళ్ళు పారబోయించారు. సూదులతో వచ్చి పిల్లలందరికీ నెత్తురు తీశారు. తల్లి కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఎదురింటి పిల్ల సూదికి భయపడి ఏడుస్తుంటే, పరుగున వెళ్ళి ఆ పిల్ల కళ్ళు తన అరచేత్తో మూసింది కూడా.

పిలిచినట్టే ఎదురింటావిడ గేటు తోసుకుని వచ్చింది.

"ఏంటొదినా, మిషను ఆరుబయటికొచ్చింది? ఇంట్లో చోటు చాలక షాపు పెట్టేశావా?"

"గాలికి కూర్చున్నా."

"మంచి పని. ఏమ్మా డాక్టరమ్మా, రేపటికి మా పిల్లని పరగడుపునే తీసుకురమ్మంటావా, ఏమన్నా పెట్టి తీసుకురమ్మంటావా?"

"నెత్తురేం తియ్యం పిన్నీ. ఊరికే మాట్లాడతాం."

"మాట్లాడటానికి డాక్టర్లెందుకు, నేను చాలనా!" ఎదురింటావిడ తన మాటకి తానే నవ్వి, గొంతు తగ్గించింది. "తీస్తే తియ్యండమ్మా. మీ తమ్ముడు పోయినప్పట్నుంచి దానికి ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. పక్కనే కూర్చుని ఊపిరి లెక్కపెడుతుంటా. ఆ పాడు జ్వరం పేరేంటో కనిపెట్టి పుణ్యం కట్టుకోండి."

పెద్దది తల్లి వైపు చూసింది. తల్లి దారం ఎక్కని సూదికి దారం ఎక్కిస్తోంది.

"కనిపెడతారులే," అంది తల్లి.

"అన్నట్టు వదినా, మీ చిన్నది బంగారం. మొన్న మా పిల్లని పిలిచి తన రంగుపెన్సిళ్ళ డబ్బా ఇచ్చేసింది. నిన్న చేతి గడియారమే విప్పి పెట్టేసింది. వద్దంటే వినదే! నీ చెయ్యే దానికొచ్చింది, ఇచ్చే చెయ్యి."

తల్లి మొహం పొద్దుట్నుంచి మొదటిసారి కాస్త విచ్చుకుంది. "నడిమివాడికీ అంతే. ఒంటి మీద చొక్కా అడిగినా ఇచ్చేవాడు."

పెద్దదానికి ఆ మాటలు చెవిన పడలేదు. అప్పటికే కూలీల దగ్గరికి వెళ్ళి, ఇంకొక్క గంట ఆగమని బతిమాలుతోంది. ఎదురింటావిడ వెళ్ళాకే వెనక్కి వచ్చింది. వచ్చి మిషను బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగింది.

"విన్నావా అమ్మా? ఏడాదిగా ఆవిడ కూతురి ఊపిరి లెక్కపెడుతోంది. లేని జ్వరానికి."

"జాగ్రత్తగా ఉంటే నష్టమేముంది?"

"అసలు చూడాల్సింది చూడట్లేదు. నష్టం అదీ. ఈ వీధిలోనే కాదు. ఆస్పత్రిలో పాత కాగితాలు తిరగేస్తే ఈ వయసు పిల్లలు పోయిన ప్రతి ఇంట్లోనూ ఒకటే పాట. ఒకళ్ళింట్లో జ్వరం, ఒకళ్ళింట్లో కడుపునొప్పి, ఒకళ్ళింట్లో కాలు జారడం. ఎవరికి నిజంగా జ్వరమో ఎవరికి కాదో ఎవరు చెప్పాలి? రోగం వచ్చాక చూడటం ఆస్పత్రి పని. రాకముందు పిల్లలు ఎలా నిద్రపోతున్నారు, ఏం తింటున్నారు, ఎవరితో మాట్లాడటం మానేశారు, అవి ఏళ్ళ తరబడి చూడాలని కదా ఇదంతా. ఇళ్ళలో నిజం చెప్పకపోతే చూసేదేముంది? ఇంకొకళ్ళని చెప్పమని అడిగే ముందు నేను చెప్పాలిగా."

"చెప్పుకో. ఆస్పత్రిలో చెప్పుకో. అక్కడే పెట్టుకో నీ కేంద్రం."

"ఆస్పత్రి గేటు దాటితే రోగి అంటారమ్మా. పిల్లలు రారు. ఇక్కడైతే సైకిలు ఆపి లోపలికొస్తారు."

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే. మన కాళ్ళ మీదే."

"చించకపోతే లోపలే కుళ్ళుతుంది."

"నువ్వు డాక్టరువి. నీకు కోసే చెయ్యి. నేను కుట్టే మనిషిని."

పెద్దది మిషను బల్ల మీదనుంచి చేతులు తీసి తల దించుకుంది. ఆకాశం చూస్తున్న కూలీ కూడా తల దించాడు.

మేస్త్రీ కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఎప్పటినుంచి కడుక్కుంటున్నాడో. మోటారు తీగకు పూసే వార్నిషు సబ్బుకు లొంగదు. అయినా అంతసేపు పట్టదు. నీళ్ళు ఆపి, చేతులు చొక్కాకు తుడుచుకుంటూ వచ్చి భార్యకి కాస్త దూరంగా నిలబడ్డాడు.

"తాళం ఇచ్చెయ్," అన్నాడు.

ఆ ఇంట్లో ఆయన నోట మాట రావడమంటే ఎండాకాలంలో ఉరుము. తల్లి పెడలు ఆపింది.

"మీరా అంటున్నారు?"

ఆయన చేతులు ఇంకా చొక్కాకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఆ రోజు నేను జ్వరం అన్నప్పుడు మీరెక్కడున్నారు?"

"నీ పక్కనే ఉన్నా."

"కాదనలేదేం?"

మేస్త్రీ గోళ్ళలో ఇరుక్కున్న నలుపు వైపు చూసుకున్నాడు. "నాకూ అదే నయమనిపించింది."

"ఇప్పుడు అనిపించట్లేదా?"

"ఇప్పుడు నేను పనికెళ్ళే షాపులో ఎవరో ఒకరు రోజూ అడుగుతారు, ఆ జ్వరం ఎలా మొదలైంది మేస్త్రీ, ముందుగా ఏం కనబడింది, అని. వాళ్ళ పిల్లల కోసం అడుగుతారు పాపం. రోజూ ఒకటి కల్పించి చెబుతున్నా. మొన్న ఒకడితో గొంతునొప్పి అన్నా. వాడు పిల్లాణ్ణి తీసుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు." ఆగాడు. "నిజంగా ముందుగా ఏం కనబడిందో నాకూ తెలియదు. ఎన్నిసార్లు వెతుక్కున్నా దొరకట్లేదు."

అంతసేపు ఆయన మాట్లాడటం పెద్దది కూడా ఎప్పుడూ వినలేదు. తండ్రి భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయింది. ఆ ఇంట్లో అలవాటు లేని పని.

తల్లి, కొడుకు కోసం వచ్చిన దుఃఖాన్ని కూతురి మీదకి మళ్ళించింది.

"సరే. రేపు చెబుతావు. వీధి అయ్యో అంటుంది. ఎల్లుండినుంచి ఏమంటుంది? ఆ ఇంటి రక్తంలోనే ఉందంటుంది. నీకేం, ఉద్యోగం ఉంది. చిన్నది? దాని వంక ఎవరైనా చూసే చూపు మారిపోదూ? కాలేజీలో పక్కన కూర్చునే పిల్ల కూడా జరిగి కూర్చోదూ? పోయినవాడి కోసం ఉన్నదాన్ని బలిపెడతావా?"

"చిన్నదాని కోసమేనా ఇదంతా?"

"మరెవరి కోసం?"

"నన్నడిగితే దాన్ని అడగాలి."

"అడుగు! పిలు!" తల్లి గొంతు లేచింది. "అది చెప్పనీ. అక్క చెప్పిందే సరే అని అది గనక అంటే, నేనే లేచి తాళం తీస్తా. పిలవండి దాన్ని."

ఆమెకు ధైర్యం ఉంది. చిన్నది నోరెత్తదు. అన్న పోయినప్పుడు కూడా గోల చెయ్యలేదు. వచ్చినవాళ్ళందరికీ నీళ్ళందించింది. ఎవరేం అడిగినా అమ్మ నేర్పిన మాటే చెప్పింది, ఒక్క అక్షరం తప్పకుండా. పెద్దదానిలా ఎదురుతిరిగే రకం కాదు. ఆకలి లేదంటే లేదని లేచిపోతుంది, తలుపు వేసుకుని చదువుకుంటుంది. అలాంటి పిల్లని కన్నందుకు తల్లి లోలోపల గర్వపడుతూనే ఉంది.

పెద్దది రెండుసార్లు పిలిచింది. మూడోసారి మేస్త్రీ పిలిచాడు. చిన్నది వచ్చింది.

జుట్టు దువ్వుకుని, చక్కగా ఉతికిన బట్టలేసుకుని ఉంది. అందరి మొహాలూ ఒకసారి చూసి, మిషను పక్కకు వచ్చి నిలబడింది.

"ఏంటమ్మా, గుడ్డ లేకుండా తొక్కుతున్నావు? పళ్ళు అరిగిపోతాయి."

మేస్త్రీ నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి మానుకున్నాడు.

"రేపు మీ అక్క వీధి మొత్తానికి అన్నయ్య సంగతి చెబుతుందట," అంది తల్లి. "చెప్పాలా, వద్దా? నువ్వు చెప్పు. నీ మాటే మాట."

"నేను చెప్పాలా?"

"నువ్వే చెప్పాలి."

"నిన్ను బలవంతపెట్టట్లేదురా," అంది పెద్దది. "నీకు ఇష్టం లేకపోతే ఆపేస్తా. నిజంగా ఆపేస్తా."

చిన్నది మిషను చక్రం మీద చెయ్యి వేసి నెమ్మదిగా ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది. సూది దిగింది, లేచింది. ఆ తిప్పే చేతి మణికట్టు చుట్టూ తెల్లటి చార ఉంది. ఎండ తగలని చర్మం, గడియారం ఉండాల్సిన చోటు.

"గడియారం ఎదురింటి పిల్లకి ఇచ్చేశావటగా," అంది తల్లి. మాట మెత్తబరచడానికి అంది, మెచ్చుకోలుగానే అంది. "మరి నీకో?"

"నాకెందుకమ్మా?"

పెద్దది తల ఎత్తింది. "ఏ గడియారం?"

చిన్నది చక్రం తిప్పుతూనే ఉంది.

"రంగుపెన్సిళ్ళు కూడా ఇచ్చిందట," అంది తల్లి, ఇంకా నవ్వుమొహంతోనే. "దానిదీ నడిమివాడి చెయ్యే. వాడూ చివరి వారంలో కొత్త బూట్లు..."

అక్కడ ఆగిపోయింది.

వాడు కొత్త బూట్లు స్నేహితుడికి ఇచ్చేశాడు. పాటలు వినే పెట్టె ఇంకెవరికో ఇచ్చాడు. "ఇచ్చే చెయ్యి" అని ఆ రోజూ ఇలాగే మురిసిపోయింది తాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన సంగతి అనుకోలేదు. ముందుగా ఏం కనబడిందో తెలియదని మేస్త్రీ ఇందాకే అన్నాడు. ఆమెకు కనబడింది. కనబడితే ముచ్చటపడింది.

పెద్దది కదల్లేదు. చూపు ఆ తెల్లటి చార మీదే ఉంది. ఆస్పత్రిలో ఎంతమంది పిల్లల పక్కన ఎలా కూర్చుంటుందో గానీ, ఈ ఏడాదిగా కేంద్రం పనంటూ తిరిగి ఈ పిల్ల గది తలుపు ఎన్నిసార్లు తట్టింది? ఆ లెక్క ఇప్పుడే వేసుకుంటున్నట్టుంది.

"చిన్నా," అంది, మిషనుకు అటువైపునుంచి, దగ్గరికి రావడానికి భయపడుతున్న మనిషిలా. "ఇటు చూడు."

చిన్నది అక్క వైపు చూడలేదు. తల్లి వైపు చూసింది. తప్పు చేసి వచ్చినప్పుడు చిన్నప్పుడు చూసే చూపు.

"అమ్మా, నాకు జ్వరంగా ఉందమ్మా."

తల్లి చెయ్యి దానంతట అదే లేచింది. ముగ్గురు పిల్లల్ని పెంచిన చెయ్యి, ఆ మాట వినబడితే ఎక్కడికి వెళ్ళాలో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. వెళ్ళి చిన్నదాని నుదుటి మీద ఆనింది.

నుదురు చల్లగా ఉంది.

అరచేయి తీసి వెనక్కి తిప్పి మళ్ళీ ఆనించింది. చల్లగానే ఉంది, పొద్దున్నే ముట్టుకున్న స్టీలు చెంబులా.

"ఎప్పట్నుంచి?" అంది.

"అన్నయ్యకొచ్చిందే అనుకుంటా," అంది చిన్నది. "పేరు తెలియదు. నువ్వు జ్వరం అనే చెప్పమన్నావుగా."

బల్ల మీద కూర్చున్న కూలీ ఎందుకో లేచి నిలబడ్డాడు. మేస్త్రీ రెండడుగులు వేసి చిన్నదాని వెనక గోడలా నిలబడ్డాడు. పెద్దది మిషను చుట్టూ తిరిగి వచ్చి, ఆ పిల్ల ఖాళీ మణికట్టును తన చేత్తో పట్టుకుంది. నాడి చూస్తున్నట్టు కాదు. వదిలితే ఎక్కడికో వెళ్ళిపోతుందన్నట్టు.

తల్లి చెయ్యి ఇంకా నుదుటి మీదే ఉంది. రెండో చెయ్యి సొరుగు కోసం వెతుకుతోంది. సొరుగు తెరుచుకుంది గానీ వేళ్ళకి దారపు ఉండలూ గుండీలూ తగులుతున్నాయి తప్ప తాళంచెవి తగలడం లేదు.

వీధి అవతల తలుపు చప్పుడైంది. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి ఉంది. పక్కన ఆమె కూతురు, చేతికి పెద్దదైపోయిన గడియారాన్ని పైకి తోసుకుంటూ. నుదుటి మీద ఆనిన చెయ్యి అక్కడికి కనబడుతూనే ఉంది. ఎదురింటావిడ కూతుర్ని చటుక్కున వెనక్కి లాగింది.

"ఏమైందొదినా?" అని అరిచింది. "జ్వరమా?"

తల్లి మేస్త్రీ వైపు చూసింది. ఈసారి ఆయన తల ఊపలేదు.

ఎదురింటావిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది, జవాబు కోసం.